మాంచెస్టర్ యునైటెడ్ బదిలీలు: ఏజెంట్ల పలుకుబడికి మూలాలు

ఐరోపా ఫుట్‌బాల్‌లో ధనిక క్లబ్బులు ఆటగాళ్లను కొనే తీరుపై చర్చ వచ్చినప్పుడల్లా ఏజెంటు ప్రతినాయకుడిగానే దర్శనమిస్తాడు. ఆటగాడి చెవిలో ఆశలు ఊది, క్లబ్బుల మధ్య పోటీ రాజేసి, ధర పెంచి, కమీషను పుచ్చుకొని పక్కకు తప్పుకొనే మాయగాడిగా అతన్ని చిత్రించడం పత్రికలకు పరిపాటి. ఈ చిత్రణ పూర్తిగా అబద్ధమని చెప్పడానికి వీల్లేదు. అయితే బేరానికి అవతలి పక్కన కూర్చున్నవాడిని అది చూపించదు. కోట్ల సొమ్ము, న్యాయవాదుల బలగం, ప్రపంచమంతటా తిరిగే పరిశీలకులు ఉన్న క్లబ్బు ఒక్క మధ్యవర్తి మాటకు ఎందుకు లోబడుతుందన్నది అసలు ప్రశ్న. ఏజెంటు పలుకుబడి అతని చాతుర్యం కంటే కొనే క్లబ్బు అనిశ్చితి నుంచే ఎక్కువగా పుడుతుందనీ, ఎవరు కావాలో, ఎందుకు కావాలో, ఎంతవరకు చెల్లించవచ్చో క్లబ్బు తనంతట తాను తేల్చుకోలేనప్పుడు ఆ ఖాళీలోకి అతను ప్రవేశిస్తాడనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది. ఉదాహరణకు ఇంగ్లాండులోని మాంచెస్టర్ యునైటెడ్‌ను ఎంచుకోవడానికి కారణం ఆ క్లబ్బు కీర్తి ఒక్కటే కాదు. 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై ఉన్నందువల్ల దాని లెక్కలు బహిరంగంగా దొరుకుతాయి. దాని ఒకప్పటి మేనేజరు తన అనుభవాలను పుస్తకాలుగా రాశాడు. దాని అతి ఖరీదైన బదిలీ తాలూకు పత్రాలు అనుకోకుండా బయటికి పొక్కాయి. ఇంత వెలుతురు పడిన ధనిక క్లబ్బులు అరుదు.

బదిలీ అనే మాటకు ఇక్కడ ప్రత్యేకార్థం ఉంది. తెలుగువారికి చిరపరిచితమైన ఐపీఎల్ వేలంలో హైదరాబాదు జట్టు ఒక ఆటగాడి కోసం పాడిన మొత్తం ఆ ఆటగాడికే జీతంగా అందుతుంది, పాట అందరి ఎదుటా సాగుతుంది, సుత్తి దెబ్బతో ముగుస్తుంది. ఫుట్‌బాల్‌లో అటువంటి వేదిక లేదు. ఆటగాడు ఒక క్లబ్బుతో మూడేళ్లకో అయిదేళ్లకో ఒప్పందంలో ఉంటాడు. గడువు తీరకముందే అతన్ని తీసుకోదలచిన మరో క్లబ్బు పాత క్లబ్బుకు పరిహారంగా చెల్లించేది బదిలీ రుసుము. ఆటగాడికి ఇచ్చే జీతమూ, సంతకం చేసినందుకు ఇచ్చే బోనసూ దానికి అదనం. అంటే ఒకే వ్యవహారంలో రెండు బేరాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, మూడు పక్షాల మధ్య, తలుపులు మూసిన గదుల్లో, బదిలీలకు అనుమతి ఉన్న కొద్ది వారాల గడువులో జరుగుతాయి. ఆ రెండు బేరాల సంగతీ తెలిసి, మూడు పక్షాలతోనూ మాట్లాడగలిగిన మనిషి సాధారణంగా ఒక్కడే ఉంటాడు.

ఆ మనిషి ఈ ఆటలోకి వచ్చిన తీరు గమనించదగ్గది. ఇంగ్లాండులో 1961 జనవరి వరకు ఆటగాడి జీతానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. ఒప్పందం ముగిసిపోయినా ఆటగాడిని వదలకుండా అట్టిపెట్టుకొనే హక్కు క్లబ్బులకు ఉండేది. బేరమాడడానికి ఏమీ లేనిచోట బేరగాడికి పని ఉండదు కనుక, ఆనాటి తొలి మధ్యవర్తులు ఆ చట్రానికి వెలుపలి నుంచే వచ్చారు. 1957లో జాన్ చార్ల్స్‌ను లీడ్స్ నుంచి 65 వేల పౌండ్లకు యువెంటస్‌కు చేర్చినవాడూ, 1961లో డెనిస్ లాను మాంచెస్టర్ సిటీ నుంచి ఇటలీలోని టొరీనోకు తీసుకుపోయినవాడూ జీజీ పెరొనాచే అనే ఇటాలియనే. ఇంగ్లాండు ఆటగాళ్ల గురించి ఇటలీ క్లబ్బులకు తెలియదు, ఇటలీ జీతాల గురించి ఇంగ్లాండు ఆటగాళ్లకు తెలియదు, ఒకరి భాష మరొకరికి రాదు. ఆ తెలియనితనం మధ్య నిలబడి పెరొనాచే వృత్తి సాగింది. మరుసటి ఏడాదే డెనిస్ లా టొరీనో నుంచి లక్షా పదిహేను వేల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. ఏజెంటు అమ్మేది ఆటగాడిని కాదనీ, క్లబ్బుకు లేని సమాచారాన్నీ, దానికి అందని పరిచయాన్నీ అనీ ఆనాడే తేటపడింది.

గరిష్ఠ జీతం రద్దు కావడం, ఆటగాడిని అట్టిపెట్టుకొనే పద్ధతి జీవనోపాధికి అన్యాయమైన అడ్డంకి అని జార్జ్ ఈస్ట్‌హామ్ వ్యాజ్యంలో 1963లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పడం ఆటగాళ్లకు కొంత ఊపిరినిచ్చాయి. అసలైన మలుపు మాత్రం బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బాస్మాన్ వేసిన దావాలో 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్య దేశాల మధ్య రుసుము లేకుండా క్లబ్బు మారవచ్చునని ఆ తీర్పు స్థిరపరచింది. దాని ఆర్థిక పర్యవసానం చాలామంది ఊహించినదానికంటే లోతుగా పోయింది. అంతకుముందు క్లబ్బు నుంచి క్లబ్బుకు పోయే సొమ్ములో ఒక భాగం ఇప్పుడు ఆటగాడి బోనసుగానూ, ఏజెంటు కమీషనుగానూ మారే దారి ఏర్పడింది. గడువు దగ్గరపడుతున్న ఒప్పందం ఏజెంటు చేతిలో ఆయుధమైంది. ఏడాదిలో ముగిసే ఒప్పందం ఉన్న ఆటగాడిని ఇప్పుడు అమ్మకపోతే వచ్చే వేసవికి వట్టి చేతులే మిగులుతాయని క్లబ్బుకు గుర్తు చేయడానికి పెద్ద వాగ్ధాటి అవసరం లేదు.

ఈ పలుకుబడి పనిచేసే యంత్రాంగంలో మూడు అంశాలు ముఖ్యం. మొదటిది అధికారపత్రం: ఫలానా ఆటగాడిని అమ్మిపెట్టమనో, తెచ్చిపెట్టమనో క్లబ్బు ఏజెంటుకు ఇచ్చే లిఖితపూర్వక అనుమతి. ఆటగాడికి ఏజెంటుగా ఉన్నవాడికే క్లబ్బు కూడా ఈ పత్రం ఇస్తే రెండో అంశమైన ద్వంద్వ ప్రాతినిధ్యం ఏర్పడుతుంది. భూముల బేరంలో మధ్యవర్తి అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా కమీషను పుచ్చుకోవడం తెలుగునాట ఎవరికీ వింత కాదు. ఫుట్‌బాల్‌లో విశేషమేమంటే, అమ్ముడుపోయే ఆస్తికి కూడా నోరుంది, ఆ నోటి తరఫున మాట్లాడేవాడూ ఆ మధ్యవర్తే. ఇంగ్లాండులో ఈ ఏర్పాటు బలపడడానికి పన్నుల కోణం కూడా తోడైంది. ఆటగాడు తన ఏజెంటుకు ఇవ్వవలసిన రుసుమును క్లబ్బు చెల్లిస్తే అది ఆటగాడికి అందిన ప్రయోజనంగా లెక్కకు వచ్చి పన్ను పడుతుంది; ఏజెంటు క్లబ్బుకు కూడా సేవ చేశాడని చూపితే ఆ భారం తగ్గుతుంది. మూడో అంశం లెక్కల పుస్తకాలలో ఉంది. బదిలీ రుసుమును ఒకే ఏడాది ఖర్చుగా రాయకుండా ఒప్పందపు సంవత్సరాల మీద పరచి రాయడం క్లబ్బుల పద్దుల విధానం. ఏజెంటుకు ఇచ్చిన సొమ్ము కూడా ఆటగాడిని సంపాదించడానికి అయిన ఖర్చుగానే ఆ మొత్తంలో కలుస్తుంది. కొన్న రోజున బాధించవలసిన ఖర్చు అయిదేళ్ల మీద పలచబడిపోతుంది కనుక, బల్ల దగ్గర కూర్చున్న అధికారికి దాని బరువు పూర్తిగా తెలియదు. ఏజెంట్ల రుసుములు పెరగడంలో ఈ చిన్న పద్దుల సౌకర్యం వహించిన పాత్రను పత్రికలు తగినంతగా పట్టించుకోలేదు.

మాంచెస్టర్ యునైటెడ్ విషయానికి వస్తే, 1986 నుంచి 2013 వరకు మేనేజరుగా ఉన్న అలెక్స్ ఫెర్గూసన్ కాలాన్ని ఏజెంట్ల పప్పులుడకని స్వర్ణయుగంగా తలచుకోవడం అభిమానులకు ఇష్టం. చరిత్ర అందుకు పూర్తిగా ఒప్పుకోదు. యునైటెడ్ ఆటగాడు కాంచెల్‌స్కిస్ కొత్త ఒప్పందం కుదిరిన తరువాత, 1994లో, ఆ ఆటగాడి వ్యవహారాలు చూసే మనిషి ఒక పెట్టెలో 40 వేల పౌండ్ల నగదు కానుకగా ఇచ్చాడనీ, దాన్ని వెంటనే క్లబ్బుకు తెలిపి, క్లబ్బు ఇనప్పెట్టెలో ఉంచి, తరువాత తిప్పి పంపాననీ ఫెర్గూసన్ స్వయంగా 1999 నాటి ఆత్మకథలో రాశాడు. ఆ కాలపు గాలి ఎటువంటిదో తెలుసుకోవడానికి లండన్‌లోని ఆర్సెనల్‌ను చూస్తే చాలు: నార్వే ఏజెంటు రూనె హౌగె నుంచి 4 లక్షల 25 వేల పౌండ్లు పుచ్చుకున్నందుకు అక్కడి మేనేజరు జార్జ్ గ్రేహామ్ 1995 ఫిబ్రవరిలో పదవి పోగొట్టుకొని, ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం విధించిన ఏడాది నిషేధం అనుభవించాడు. ఇటువంటి చాటుమాటు సొమ్ము తరువాతి దశాబ్దంలో కూడా అనుమానాలు రేపుతూనే ఉన్నందువల్ల, లార్డ్ స్టీవెన్స్ నేతృత్వంలోని విచారణ 2004 జనవరికీ 2006 జనవరికీ మధ్య జరిగిన 362 బదిలీలను పరిశీలించి, వాటిలో 17ను నిశ్శంకగా తేల్చలేకపోయానని 2007లో ప్రకటించింది.

యునైటెడ్‌కు మరింత ఇబ్బందికరమైన ఘట్టం ఫెర్గూసన్ కుమారుడు జేసన్ ఏజెన్సీ వ్యాపారంలో ఉండటం వల్ల వచ్చింది. తండ్రి మేనేజరుగా ఉన్న క్లబ్బు బదిలీలలో కుమారుడికి సంబంధమున్న సంస్థ రుసుము పొందడం చట్టవిరుద్ధమని ఎవరూ నిరూపించలేదు. అయినా 2004లో ప్రధాన వాటాదారులైన ఐర్లాండు వ్యాపారులు జాన్ మాగ్నియర్, జె.పి. మెక్‌మానస్ క్లబ్బు యాజమాన్యానికి 99 ప్రశ్నలు పంపారు. దానికి నేపథ్యం రాక్ ఆఫ్ జిబ్రాల్టర్ అనే పందెపు గుర్రం యాజమాన్యంపై మాగ్నియర్‌తో ఫెర్గూసన్‌కు వచ్చిన తగాదా. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పారదర్శకతకు ఒక గుర్రం కారణం కావడం చరిత్ర చేసే చమత్కారాలలో ఒకటి. ఆ ప్రశ్నల దరిమిలా జరిగిన అంతర్గత సమీక్ష తరువాత, జేసన్ సంస్థ ఇకపై బదిలీలలో క్లబ్బు తరఫున పనిచేయబోదని, ఏజెంట్లకు చేసే చెల్లింపులను వెల్లడిస్తామని యునైటెడ్ ప్రకటించింది. అదే ఏడాది ఈ వ్యవహారంపై బీబీసీ ప్రసారం చేసిన డాక్యుమెంటరీపై కోపంతో ఫెర్గూసన్ 2011 వరకు ఆ సంస్థతో మాట్లాడలేదు.

ఆ కాలంలోనే ఈ ఉపన్యాస వాదానికి అన్నిటికంటే దగ్గరి సాక్ష్యం బెబే బదిలీ. పోర్చుగల్‌లోని విటోరియా గిమరైన్స్ క్లబ్బులో చేరి కొద్ది వారాలే అయిన, అంతకుముందు మూడో శ్రేణి పోటీల్లో ఆడిన ఈ యువకుడిని 2010 ఆగస్టులో యునైటెడ్ దాదాపు 74 లక్షల పౌండ్లకు కొన్నది. బదిలీకి కొద్ది రోజుల ముందే అతను ఏజెంటును మార్చి జోర్జ్ మెండెస్ పక్షంలోకి వచ్చాడు. గోల్‌కీపర్ నూనో ఎస్పిరిటో శాంటోతో 1996లో వృత్తి మొదలుపెట్టి, రొనాల్డో, మొరీన్యోల వంటివారికి ప్రతినిధిగా ఎదిగిన మెండెస్‌కు యునైటెడ్‌తో అప్పటికే గట్టి సంబంధముంది. బెబే ఆటను కనీసం వీడియోలోనైనా తాను చూడలేదని ఫెర్గూసన్ బహిరంగంగానే ఒప్పుకున్నాడు. తన పూర్వ సహాయకుడు కార్లోస్ కెరోష్ సిఫార్సునూ, పరిశీలకుల మాటనూ నమ్మానన్నాడు. బెబే యునైటెడ్‌కు ఆడినవి మొత్తం ఏడు ఆటలు. కఠినుడిగా, నిశితదృష్టి గలవాడిగా పేరుపొందిన మేనేజరు కూడా చూడని సరుకును కొన్నాడంటే, అక్కడ పనిచేసినది పరిచయాల మీది నమ్మకం. నమ్మకం తప్పు కాదు. కానీ క్లబ్బు తన కళ్లతో చూసి చేయవలసిన పనిని అది ఇతరుల మాటకు అప్పగించింది.

2013 వేసవిలో ఫెర్గూసన్, ముఖ్య కార్యనిర్వహణాధికారి డేవిడ్ గిల్ ఒకేసారి తప్పుకున్నారు. ఆటగాడి విలువ అంచనా వేసేవాడూ, బేరం ముగించేవాడూ ఇద్దరూ ఒకే వేసవిలో లేకుండా పోవడం వల్ల ఏర్పడిన ఖాళీని పూడ్చే పని ఎడ్ వుడ్‌వర్డ్ మీద పడింది. జె.పి. మోర్గాన్ బ్యాంకులో ఉన్నప్పుడు 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బును కొనడానికి సలహాలిచ్చి, తరువాత క్లబ్బులో చేరిన ఈ అధికారి వాణిజ్యంలో సమర్థుడనడంలో సందేహం లేదు. అడిడాస్‌తో పదేళ్లకు 75 కోట్ల పౌండ్ల ఒప్పందం 2014లో ప్రకటితమైంది ఆయన హయాంలోనే. అయితే అంత ఆదాయం అంత బహిరంగంగా ప్రకటించిన క్లబ్బు బేరానికి వెళ్లినప్పుడు, డబ్బు లేదని చెప్పే అవకాశాన్ని అది ముందే వదులుకున్నట్టవుతుంది. 2013లోనే దాని మొదటి ఫలితం కనబడింది. మారువాన్ ఫెలైనీ ఒప్పందంలో దాదాపు 2.35 కోట్ల పౌండ్లకు అతన్ని విడుదల చేయాలనే షరతు జూలై ఆఖరుతో ముగిసింది. అది దాటిపోనిచ్చిన యునైటెడ్ బదిలీల ఆఖరి రోజున అదే ఆటగాడికి 2.75 కోట్లు చెల్లించింది. ఇందులో ఏ ఏజెంటు మంత్రమూ లేదు, ఆలస్యానికి పడిన వెల మాత్రమే ఉంది. ఆ ఆలస్యం మార్కెట్లో అందరూ చూశారు.

మరుసటి వేసవిలో మెండెస్ ఆటగాళ్లిద్దరు వచ్చారు. ఏంజెల్ డి మరియా 5.97 కోట్ల పౌండ్లతో అప్పటి బ్రిటిష్ రికార్డు నెలకొల్పి ఏడాదికే నష్టానికి పారిస్ వెళ్లిపోయాడు. మోకాలి గాయం నుంచి అప్పుడే కోలుకుంటున్న ఫాల్కావోను మొనాకో నుంచి అరువు తెచ్చుకుంటే లీగులో నాలుగు గోల్స్ చేశాడు. ఆనాటి మేనేజరు లూయీ వాన్ హాల్ ఆట పద్ధతికి ఈ ఇద్దరూ ఎలా సరిపోతారని ముందుగా ఆలోచించినట్టు ఆ ఏడాది ఆటలో ఎక్కడా కనబడలేదు. దొరికినవారిని కొన్నారే తప్ప, కావలసినవారిని వెతకలేదు.

ఈ నేపథ్యంలో 2016 వేసవి వచ్చింది. మేనేజరుగా మొరీన్యో నియమితుడయ్యాడు. కొద్ది వారాల్లో జ్లాటన్ ఇబ్రహిమోవిచ్, హెన్రిఖ్ మ్‌ఖితారియన్, పాల్ పోగ్బా చేరారు. ముగ్గురికీ ఏజెంటు మీనో రయోలా. దక్షిణ ఇటలీలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో తల్లిదండ్రుల రెస్టారెంటులో పనిచేస్తూ పెరిగి, అనేక భాషల్లో బేరమాడగలిగిన రయోలా, పెరొనాచేకు అసలు సిసలు వారసుడు. అతని పద్ధతి విలక్షణమైనది: కొద్దిమంది ఆటగాళ్లనే దగ్గర పెట్టుకోవడం, ప్రతి ఒప్పందపు గడువునూ కనిపెట్టి ఉండటం, క్లబ్బుతో తగవుకు వెనుకాడకపోవడం. 2012లో పోగ్బా ఒప్పందం ముగియగానే యునైటెడ్ నుంచి యువెంటస్‌కు చేర్చినవాడు అతనే. అప్పుడు యునైటెడ్‌కు దక్కినది శిక్షణ ఖర్చు కింద స్వల్ప పరిహారం. రయోలా అంటే తనకు గిట్టదని ఫెర్గూసన్ తరువాత తన పుస్తకంలో దాపరికం లేకుండా రాశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే ఆటగాడిని అదే క్లబ్బు 10.5 కోట్ల యూరోలు, అంటే దాదాపు 8.9 కోట్ల పౌండ్లు పోసి, ప్రపంచ రికార్డు ధరకు వెనక్కి తెచ్చుకుంది.

ఆ వ్యవహారం లోపలి సంగతులు ఫుట్‌బాల్ లీక్స్ పేరుతో బయటపడిన పత్రాల ద్వారా లోకానికి తెలిశాయి. జర్మనీ వారపత్రిక డేర్ ష్పీగెల్ విలేకరులు రాఫెల్ బుష్‌మన్, మిఖాయెల్ వుల్‌జింగర్ 2017లో ప్రచురించిన పుస్తకం ప్రకారం రయోలాకు మూడు పక్షాల నుంచి సొమ్ము అందవలసి ఉంది: యువెంటస్ నుంచి 2.7 కోట్ల యూరోలు, యునైటెడ్ నుంచి అయిదు వాయిదాలలో 1.94 కోట్లు, పోగ్బా తరఫున 26 లక్షలు, వెరసి 4.9 కోట్ల యూరోలు. యువెంటస్ ఇచ్చే వాటా అమ్మకపు ధర ఒక హద్దు దాటిన తరువాత మెట్లుమెట్లుగా పెరిగేటట్టు ఒప్పందం ఉందని కూడా అందులో ఉంది. ఈ చివరి విషయం మీదే కొంతసేపు నిలవాలి. కొనే క్లబ్బు తనకు సేవ చేయమని ఎవరికి రుసుము ఇస్తున్నదో, అతనికి ధర తగ్గితే నష్టం, పెరిగితే లాభం. అటువంటి మనిషిని తన పక్షాన నియమించుకోవడం వ్యాపార నీతికి సంబంధించిన ప్రశ్న కావడానికి ముందు, వివేకానికి సంబంధించిన ప్రశ్న. రయోలా ఎవరినీ మోసగించాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆనాటి నియమాల ప్రకారం సంబంధిత పక్షాలన్నీ రాతపూర్వకంగా అంగీకరిస్తే ఒకే ఏజెంటు పలువురి తరఫున పనిచేయవచ్చు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఈ బదిలీపై వివరాలు అడిగినా, యునైటెడ్‌పై ఏ చర్యా చేపట్టలేదు. కళ్లు తెరిచే అన్ని పక్షాలూ సంతకం చేశాయి.

యువెంటస్ లెక్క ఇంకా ఆసక్తికరం. పది కోట్లు దాటిన అమ్మకంలో తనకు మిగిలిన ఆర్థిక ప్రయోజనం 7.26 కోట్ల యూరోలని ఆ క్లబ్బు ప్రకటించింది. మధ్యలో తగ్గినదానిలో ఏజెంటు వాటాతో పాటు సంఘీభావ చెల్లింపు అనేది ఒకటుంది. ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ కలిపి బదిలీ రుసుములో అయిదు శాతం పంచాలన్నది ఫిఫా నియమం. 10.5 కోట్లలో అయిదు శాతమంటే 52.5 లక్షల యూరోలు. పారిస్ శివార్లలోని చిన్న క్లబ్బుల నుంచి లె ఆవ్ర్ దాకా పోగ్బాను తీర్చిదిద్దిన వారందరూ పంచుకోవలసిన మొత్తం అంతే. ఆ పుస్తకంలోని అంకెలు సరైనవైతే ఒక్క ఏజెంటు వాటా దానికి తొమ్మిది రెట్లు దాటింది. ఆటగాడిని తయారుచేసిన శ్రమకంటే అతన్ని చేరవేసిన పరిచయానికి మార్కెట్ కట్టిన విలువ ఎక్కువని ఇంతకంటే స్పష్టంగా చూపే లెక్క దొరకడం కష్టం.

అయితే న్యాయంగా చెప్పవలసిన మరో మాట ఉంది. ఆ ముగ్గురూ మైదానంలో వట్టిపోలేదు. 2017 లీగ్ కప్ ఫైనల్లో సౌతాంప్టన్‌పై గెలుపు గోల్ ఇబ్రహిమోవిచ్‌ది. అదే ఏడాది మే 24న స్టాక్‌హోమ్‌లో ఆయాక్స్‌పై యూరోపా లీగ్ ఫైనల్లో చేసిన రెండు గోల్స్‌లో ఒకటి పోగ్బాది, రెండోది మ్‌ఖితారియన్‌ది. ఏజెంటు తెచ్చిన ఆటగాడు పనికిరాడన్నది అపోహ. రయోలా, మెండెస్ వంటివారి దగ్గర ఉండేది మేలైన ఆటగాళ్లే. చిక్కు ఆటగాడి నాణ్యతలో లేదు, అతని భవిష్యత్తుపై క్లబ్బు పట్టు కోల్పోవడంలో ఉంది. 2020 డిసెంబరులో, చాంపియన్స్ లీగ్‌లో నిలవాలా నిష్క్రమించాలా అన్నది తేల్చే లైప్‌జిగ్ ఆటకు ముందురోజు, యునైటెడ్‌తో పోగ్బా కథ ముగిసిందని రయోలా ఇటలీ పత్రికకు చెప్పాడు. మర్నాడు యునైటెడ్ 3-2 తేడాతో ఓడి పోటీ నుంచి నిష్క్రమించింది. ఆ మాటకూ ఓటమికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం తొందరపాటే అవుతుంది. కానీ తన జట్టు ఆటగాడి సంగతి ఎప్పుడు చర్చకు రావాలో తేల్చే అధికారం క్లబ్బుకు మిగలలేదన్నది కాదనలేనిది. 2022 వేసవిలో ఒప్పందం ముగిసి పోగ్బా రుసుము లేకుండా మళ్లీ యువెంటస్‌కే వెళ్లాడు. అంతకు కొద్ది కాలం ముందే, ఏప్రిల్ 30న, రయోలా 54 ఏళ్ల వయసులో మరణించాడు. ఒకే ఆటగాడు ఒకే క్లబ్బును రెండుసార్లు బదిలీ రుసుము లేకుండా వదిలి, మధ్యలో రికార్డు ధరకు దానికే అమ్ముడుపోవడం బదిలీల చరిత్రలో అరుదైన సంగతి.

ఈ గుణపాఠాన్ని యునైటెడ్ తనదైన తీరులో అంతకుముందే కొంత నేర్చుకున్నట్టుంది. రయోలా ఆటగాడే అయిన ఎర్లింగ్ హాలండ్ 2020 జనవరిలో సాల్జ్‌బర్గ్ వదిలినప్పుడు, నార్వేలోని మోల్డె క్లబ్బులో అతనికి శిక్షణ ఇచ్చిన ఓలె గున్నార్ సోల్‌షార్ యునైటెడ్ మేనేజరుగా ఉన్నాడు. అయినా హాలండ్ డోర్ట్‌మండ్‌ను ఎంచుకున్నాడు. ఒప్పందంలో విడుదల షరతు పెట్టడానికి యునైటెడ్ సుముఖత చూపలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. రెండున్నరేళ్ల తరువాత అటువంటి షరతు ఆధారంగానే, 6 కోట్ల యూరోలకు, హాలండ్ మాంచెస్టర్ సిటీలో చేరాడు. ఏజెంటు షరతుకు ఎప్పుడు ఒప్పుకోవాలో, ఎప్పుడు కాదనాలో తేల్చే స్థిరమైన కొలమానం లేకపోతే, ఒప్పుకున్నచోటా కాదన్నచోటా నష్టమే కలుగుతుందని పోగ్బా, హాలండ్ బదిలీలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. సిటీ తక్కువ ఖర్చుతో పని నడిపిందని దీనికి అర్థం కాదు. ప్రీమియర్ లీగ్ మొదటిసారి ఈ అంకెలు వెల్లడించిన 2008-09 లెక్కలో ఏజెంట్లకు దాదాపు 1.29 కోట్ల పౌండ్లు చెల్లించి సిటీ అగ్రస్థానంలో ఉంటే, యునైటెడ్ చెల్లింపు 15 లక్షలు మాత్రమే. 2024 ఫిబ్రవరితో ముగిసిన ఏడాదిలో చెల్సీ 7.51 కోట్లు, సిటీ 6.06 కోట్లు, యునైటెడ్ 3.41 కోట్లు చెల్లించాయి. లీగ్ మొత్తం 7.07 కోట్ల నుంచి 40.96 కోట్లకు చేరింది. రెండు క్లబ్బులూ ఏజెంట్లకు భారీగా చెల్లిస్తూనే ఉన్నాయి. తేడా ఏమంటే, సిటీలో 2012 నుంచి చికీ బెగిరిస్టాయిన్ ఫుట్‌బాల్ డైరెక్టరుగా ఉండి, ఎటువంటి ఆటకు ఎటువంటివారు కావాలో ముందే తేల్చేవాడు. యునైటెడ్ ఆ పదవిని సృష్టించి జాన్ మర్టోను నియమించినది 2021 మార్చిలో.

నియమాల ద్వారా ఈ పలుకుబడిని తగ్గించే ప్రయత్నం కూడా జరుగుతూనే ఉంది. 1990లలో ఏజెంట్లకు లైసెన్సు పద్ధతి ప్రవేశపెట్టిన ఫిఫా 2015 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తివేసి, మధ్యవర్తి అనే పేరుతో దాదాపు ఎవరైనా ఈ పని చేయడానికి దారి తెరిచింది. తప్పు తెలిసి, 2022 డిసెంబరులో కొత్త నిబంధనలు ఆమోదించి, పరీక్షను తిరిగి తెచ్చింది. ఏజెంటు రుసుముకు పరిమితి కూడా పెట్టింది: ఆటగాడి తరఫునగానీ కొనే క్లబ్బు తరఫునగానీ పనిచేస్తే ఏటా 2 లక్షల డాలర్ల వరకు ఉన్న జీతంపై అయిదు శాతం, ఆపైన మూడు శాతం. అమ్మే క్లబ్బు తరఫున అయితే బదిలీ రుసుముపై పది శాతం. ఆటగాడికీ కొనే క్లబ్బుకూ కలిపి పనిచేయవచ్చుగానీ, అమ్మే క్లబ్బును కూడా కలుపుకోకూడదు. పోగ్బా వ్యవహారాన్ని ఎదురుగా పెట్టుకొని రాసినట్టున్న ఈ నిబంధనలను 2023 జూలైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం సమర్థించినా, జర్మనీలో డోర్ట్‌మండ్ కోర్టు అంతకుముందే నిలుపుదల ఉత్తర్వు ఇచ్చి ఉంది. ఇంగ్లాండులో నవంబరులో మధ్యవర్తుల మండలి, రుసుముపై పరిమితి పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. డిసెంబరు 30న ఫిఫా ముఖ్యమైన నిబంధనల అమలును ప్రపంచమంతటా నిలిపివేసింది. ఆ ఒక్క 2023లోనే అంతర్జాతీయ బదిలీలలో ఏజెంట్లకు అందిన మొత్తం 88.8 కోట్ల డాలర్లని ఫిఫా నివేదిక చెబుతుంది.

ఈ పరిమితులు కోర్టుల్లో గెలిచినా రుసుమును తగ్గించగలవేగానీ పలుకుబడిని తాకలేవు. మూడు శాతం పుచ్చుకొనే ఏజెంటు అయినా, క్లబ్బుకు లేని జాబితా తన దగ్గర ఉన్నంతకాలం, క్లబ్బు కంటే ముందు ఆటగాడి మనసు తనకు తెలిసినంతకాలం, తలుపు తట్టవలసిన అగత్యం అతనికి ఉండదు. అందువల్ల పరిశీలించవలసినది క్లబ్బు లోపలే. 2024 ఫిబ్రవరిలో జిమ్ ర్యాట్‌క్లిఫ్ యునైటెడ్‌లో దాదాపు 27.7 శాతం వాటా కొని, ఫుట్‌బాల్ వ్యవహారాల నిర్వహణ చేపట్టిన తరువాత, క్రీడా డైరెక్టరుగా డాన్ ఆష్‌వర్త్‌ను తీసుకురావడానికి నెలల తరబడి న్యూకాసిల్‌తో బేరం సాగింది. ఆయన జూలైలో చేరి డిసెంబరులో తప్పుకున్నాడు. ఆ మధ్యలో, ఆగస్టులో, బయర్న్ మ్యూనిక్ నుంచి మథైస్ డి లిక్ట్, నుసేర్ మజ్రావీ ఒకే రోజున యునైటెడ్‌లో చేరారు. ఇద్దరూ రయోలా పక్షపు ఆటగాళ్లు. అతని మరణానంతరం వారి వ్యవహారాలు అతని భాగస్వామి, బ్రెజిల్ న్యాయవాది రఫాయెలా పిమెంటా చేపట్టారు. వారిని ఎంచినది క్లబ్బు జాబితానా, లేక ఆయాక్స్‌లో ఆ ఇద్దరితో పనిచేసిన అప్పటి మేనేజరు ఎరిక్ టెన్ హాగ్ జ్ఞాపకమా అన్నది, ఆ మేనేజరును కూడా అక్టోబరు 28న తొలగించిన తరువాత, క్లబ్బు తనకు తానే జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నగా మిగిలింది.